భుజం నొప్పి తెడ్డుదా? గాలి బుడగదా?

"డాక్టరుగారూ! మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారం వచ్చిందంటే స్నేహితుడితో కలిసి చిన్న పడవలు కారు మీద కట్టుకుని సముద్రానికి పోతాడట. కొంతదూరం తెడ్డు వేసుకుంటూ వెళ్ళి, అక్కడ గాలి సిలిండరు తగిలించుకుని నీళ్ళలో మునుగుతారట. పోయిన ఆదివారం రాత్రి ఫోనులో కుడి భుజం లాగుతోందన్నాడు. 'తెడ్డు వేసి వేసి పట్టేసిందమ్మా, మందు రాసుకున్నాలే' అన్నాడు. మంగళవారానికి తగ్గిపోయిందట. నేను ఊరుకోవచ్చునా? వచ్చే నెలలో విమానంలో ఇంటికి వస్తున్నాడు."

ఒక పాఠకురాలు రాసిన ఉత్తరమిది. "నిశ్చింతగా వుండండి" అని ఒక్క ముక్కలో జవాబు రాసి పంపవచ్చు. అలా పంపలేకపోవడానికి కారణం వుంది.

ఇరవై ఏళ్ళ క్రితం నేను సముద్రతీరాన ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తుండగా, నీళ్ళలో మునిగి ఓడల అడుగు శుభ్రం చేసే మనిషి ఒకడు మోచేతి నొప్పితో వచ్చాడు. రోజంతా గీకే పని. పనిచేసిన చెయ్యి నొప్పిపెట్టడంలో వింతేముంది? మాత్రలు రాసిచ్చి పంపేశాను. ఎంత లోతుకు దిగాడో, ఎంతసేపు వున్నాడో, ఎంత తొందరగా పైకి వచ్చాడో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మర్నాడు తెల్లవారేసరికి అతణ్ణి నలుగురు మోసుకొచ్చారు. కాళ్ళు కదలడం లేదు. మూత్రం బిగిసిపోయింది. పీడన చికిత్స చేసే గది వున్న చోటికి హుటాహుటిన పంపించాం. ప్రాణం దక్కింది. నడక కూడా వచ్చింది గాని చేతికర్ర వదల్లేదు. ఆనాటి నుంచీ నీళ్ళలో మునిగి వచ్చిన మనిషి ఎవరైనా నొప్పి అంటే, ముందు ఆ మునక సంగతి అడిగి తరువాతే నాడి పట్టుకుంటున్నాను.

అందుకే ఆ తల్లికి రాయవలసిన జవాబు ఇక్కడ అందరికీ రాస్తున్నాను. పిల్లలు విదేశాల్లో వున్న ఇళ్ళు మనకు తక్కువేమీ కాదు. మన విశాఖపట్నం రుషికొండ బీచిలో కూడా ఇప్పుడు కయాకులు నడపడం, సిలిండరుతో మునగడం వచ్చేశాయి. అండమాన్ వెళ్ళే మన కుర్రకారు సరేసరి.

తెప్పలాంటి పడవ

కయాకు అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండువైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. మునిగేవాళ్ళు వాడే రకం మన జాలరుల తెప్పకు చుట్టం. తెప్పకు లోపలి భాగం వుండదు, మనిషి పైనే కూర్చుంటాడు, అల వచ్చి తడిపి జారిపోతుంది. ఈ కయాకూ అంతే. పైనే కూర్చోవాలి. పడ్డ నీరు కన్నాలగుండా కిందికి పోతుంది. వెనుక సిలిండరు పెట్టుకునే గుంట వుంటుంది.

పెద్ద పడవ మీదినుంచి మునిగేవాడికి నిచ్చెన వుంటుంది, చెయ్యి అందించే మనిషి వుంటాడు, ఆక్సిజన్ సిలిండరు వుంటుంది. కయాకు మీద వెళ్ళినవాడికి పడవ నడిపేవాడూ తనే, కూలీ తనే, కాపలాదారూ తనే. మునిగి తేలిన తరువాత సామాను పైకి లాగాలి, తెడ్డు వెయ్యాలి, ఒడ్డున పాతిక ముప్ఫై కిలోల పడవను మోసి కారు మీద పెట్టాలి. చిక్కంతా ఇక్కడే వుంది. ఎందుకో చెబుతాను.

గోలీసోడా చెప్పే పాఠం

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని. మామూలుగా అది వచ్చిన దారినే పోతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ, ఒడ్డున మన మీద వుండే వాయుపీడనమంత పీడనం అదనంగా చేరుతుంది. 20 మీటర్ల దగ్గర పీడనం మూడు రెట్లు. అక్కడ పీల్చే గాలి కూడా అంత చిక్కగానే వుంటుంది. అప్పుడు నత్రజని రక్తంలోనూ, కొవ్వులోనూ, కీళ్ళలోనూ కరిగి నిలవ వుంటుంది.

గోలీసోడా తలచుకోండి. గోలీ బిగిసి వున్నంతసేపు నీళ్ళు నిర్మలంగా వుంటాయి. గోలీ నొక్కగానే బుసబుసమని బుడగలు లేస్తాయి. మునిగినవాడు గబగబా పైకి వస్తే శరీరంలో జరిగేదీ ఇదే. నెమ్మదిగా వస్తే కరిగిన వాయువు ఊపిరితిత్తుల గుండా మెల్లగా బయటికి పోతుంది. తొందరపడితే బుడగలు కట్టి కీళ్ళలో నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం తెస్తాయి.

నదుల్లో వంతెన పునాదులు తవ్విన కూలీలలో కూడా ఈ జబ్బు కనిపించింది. అమెరికాలో బ్రూక్లిన్ వంతెన కట్టించిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో దీనివల్లనే మంచాన పడ్డాడు. 1908లో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎంత నెమ్మదిగా రావాలో పట్టికలు వేశాడు. ఇప్పుడు చేతికి గడియారంలా కట్టుకునే డైవ్ కంప్యూటరు ఆ లెక్కలే చేస్తుంది. కాని తరువాత మీరు బరువులెత్తారో, తెడ్డు వేశారో దానికి తెలియదు.

పైకి వచ్చిన తరువాత కూడా ఒంట్లో కొంత నత్రజని మిగిలే వుంటుంది. సిరలలో చిన్న బుడగలు వుండవచ్చు. ఊపిరితిత్తులు వాటిని వడగట్టి వదిలేస్తాయి. అప్పుడు ఊపిరి బిగబట్టి బరువు ఎత్తితే గుండె కుడివైపు పీడనం పెరుగుతుంది. నలుగురిలో ఒకరికి, పుట్టుకతో వున్న చిన్న సందు ఒకటి గుండె గదుల మధ్య పూర్తిగా మూసుకోకుండా మిగిలిపోతుంది. ఆ సందుగుండా బుడగ ఎడమవైపుకు దాటిందంటే మెదడుకూ వెన్నుకూ పోవచ్చు. ఆ సందు వున్నట్టు ఆ మనిషికే తెలియదు.

కాబట్టి కయాకు మీద సామాను సర్దుకోవడమన్నది ఒద్దికకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు, ఆరోగ్యసూత్రం. బరువంతా నీటిచేత మోయించాలి. మునక తరువాత ఒళ్ళు అలవకుండా, ముందే ఏర్పాటు చేసుకోవాలి.

బయలుదేరే ముందు

మామూలు అల్యూమినియం సిలిండరు నిండా గాలి వుంటే సుమారు 17 కిలోలు. దాన్ని గుంటలో పడుకోబెట్టి పట్టీతో బిగించాలి. నిలబెడితే పడవ తూలుతుంది. రెగ్యులేటరు, అంటే నోటికి గాలి అందించే సాధనం, ఇసుకలో పడకుండా చూడాలి. గాలి మీట తెరిచి నాలుగుసార్లు పీల్చి ముల్లు చూడాలి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి జారితే మీట సరిగా తెరుచుకోలేదన్న మాట. పరీక్ష అయ్యాక, దారిలో గాలి కారిపోకుండా మీట కట్టెయ్యాలి.

తెడ్డు, అద్దం, రబ్బరు రెక్కలు, సీసపు బెల్టు అన్నిటికీ తాడో కొక్కెమో వుండాలి. పడవ తిరగబడితే కట్టనిదల్లా సముద్రానిదే. సీసపు బెల్టు నడుముకు కట్టుకుని తెడ్డు వెయ్యకూడదు. పడితే నిలువునా ముంచేది అదే. తెడ్డు వేసేటప్పుడు ఒంటి మీద వుండవలసింది లైఫ్ జాకెట్టు. బెల్టు పడవ మధ్యలో, కాళ్ళ దగ్గర అణిగి వుండాలి.

పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి వుండేటట్టు చోటు ఎంచుకోవాలి. కండబలం ఖర్చుపెట్టవలసింది మునగడానికి ముందు గాని, తరువాత కాదు. ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళాలి. ఒంటరిగా ఎన్నడూ మునగకూడదు. తడవని సంచిలో ఫోను, మెడకు ఈల, పడవ మీద డైవరు జెండా వుండాలి. అమెరికాలో అది ఎర్రగుడ్డ మీద ఏటవాలు తెల్లచార. చాలా దేశాల్లో నీలం, తెలుపు జెండా.

నీళ్ళలోకి దిగేటప్పుడు

ముందు లంగరు వెయ్యాలి. కాలిఫోర్నియాలో మాంటెరే ప్రాంతంలో కెల్ప్ అనే సముద్రపు నాచు చెట్లంత ఎత్తు పెరుగుతుంది. కొందరు దాని తీగలకే పడవ కట్టేస్తారు. దేనికి కట్టినా గట్టిగా లాగి చూడాలి.

తరువాత క్రమం ఇది. కాళ్ళు రెండువైపులా నీళ్ళలోకి వదిలి కూర్చుంటే పడవ ఊగదు. అద్దం, రెక్కలు మొదట తొడుక్కోవాలి. సిలిండరు బిగించిన గాలి జాకెట్టుకు తాడు కట్టి, మీట తెరిచి, జాకెట్టు నిండా గాలి పట్టించి, అప్పుడు మెల్లగా నీళ్ళలోకి జార్చాలి. అది బంతిలా తేలుతుంది. మీట తెరవడం మరిచిపోతే నోట్లో రెగ్యులేటరు వున్నా ఊపిరి వుండదు. అందుకే ఇద్దరూ ఒకరిది ఒకరు చూడాలి.

ఇప్పుడు మీరు జారండి. తేలుతున్న జాకెట్టులోకి ఒక్కొక్క చెయ్యీ దూర్చి తొడుక్కుంటే 17 కిలోల బరువు వీపు మీద పడ్డట్టే వుండదు. నడుము పట్టడం, వెన్ను బెణకడం వుండవు. సీసపు బెల్టు అన్నిటికంటే ఆఖరున కట్టుకోవాలి. కట్టు బిగిశాకనే పడవ కొక్కెం విప్పాలి. దిగేది లంగరు తాడు వెంట. అడుగున లంగరు పట్టు చూసి మరీ ముందుకు కదలాలి. తేలేసరికి పడవ కొట్టుకుపోయి వుంటే, అలసిన ఒంటితో దాని వెనక ఈదడం ప్రమాదం.

తొలి రెండు మీటర్లలోనే ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సరిచేసుకోవాలి. జలుబు వుంటే ఆ దారి మూసుకుపోతుంది, కర్ణభేరి చిల్లుపడుతుంది. జలుబు చేసిన రోజు డైవింగుకు సెలవే. ఎంత లోతులోనైనా ఊపిరి బిగబట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు బిగబడితే గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లుతాయి.

పైకి వచ్చేటప్పుడు, వచ్చాక

గాలి సగం వుండగానే పడవవైపు తిరగాలి. లంగరు తాడు పట్టుకుని నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రావాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఆ 3 నిమిషాలూ మీ రక్తం నత్రజనిని వదిలించుకుంటుంది. చలివేసిందనో ఆకలనో వాటిని మిగుల్చుకోకండి.

తేలగానే జాకెట్టులో గాలి నింపాలి. ఎక్కేటప్పటి క్రమం దిగినదానికి తలకిందులు. ఆఖరున కట్టిన సీసపు బెల్టు మొదట విప్పి పడవ కొక్కేనికి తగిలించాలి. కొందరి జాకెట్లలో సీసం జేబుల్లో వుంటుంది. ఆ జేబులు ముందు తీసి పైన పెట్టాలి. తరువాత జాకెట్టుకు తాడు కట్టి, విప్పి, నీటిలోనే వదలాలి. రెక్కలు మాత్రం విప్పకండి. నిచ్చెన లేనివాడికి నిచ్చెన అవే. రెండు చేతులతో పడవ అంచులు పట్టుకుని, కాళ్ళు ఆడిస్తూ ఒళ్ళు నీటికి అడ్డంగా తేలనిచ్చి, పొట్ట మీద పాకి ఎక్కాలి. తరువాత తిరిగి కూర్చోవాలి.

కూర్చున్న వెంటనే సిలిండరు లాగకండి. అది తేలుతూనే వుంటుంది, ఎక్కడికీ పోదు. పది నిమిషాలు ఊపిరి తీసుకుని మంచినీళ్ళు తాగండి. నీటిలో మునిగి వుండటంవల్లా, చలివల్లా మూత్రం ఎక్కువ పోయి ఒళ్ళు ఎండుతుంది. మాంటెరే నీళ్ళు సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీలే. చిక్కబడ్డ రక్తం నత్రజనిని తొందరగా వదలదు. తరువాత స్నేహితుడి పడవను పక్కకు చేర్చి, ఒకరు పడవ అదిమి పడితే ఇంకొకరు మీట దగ్గర పట్టుకుని, అల లేచినప్పుడు అలతోపాటు లాగాలి. ఊపిరి వదులుతూ లాగాలి గాని బిగబట్టి కాదు. ఒడ్డున సిలిండర్లు ఒకసారి, పడవలు ఒకసారి, ఇద్దరిద్దరుగా మొయ్యాలి. ఆ మోతకు ముందు అరగంట కూర్చుంటే పోయేదేమీ లేదు.

ఏది తెడ్డు నొప్పి? ఏది బుడగ నొప్పి?

ఇక ఆ అబ్బాయి భుజం సంగతి. మునిగేవాళ్ళకు బుడగ నొప్పి ఎక్కువగా వచ్చేది భుజానికీ మోచేతికీ. తెడ్డు వేసినా నొప్పి వచ్చేది భుజానికే. పొరపాటుకు ఇంతకంటే అవకాశం ఏం కావాలి?

కండరాల నొప్పి అయితే నొక్కినచోట తగులుతుంది, చెయ్యి కదిపితే ఎక్కువవుతుంది, ఒదిగి పడుకుంటే తగ్గుతుంది. మర్నాటికి ఇంకాస్త పెరగవచ్చు. బుడగ నొప్పి కీలు లోతున పళ్ళు పీకినట్టు సలుపుతుంది. నొక్కితే ఫలానా చోటని దొరకదు. ఎలా పడుకున్నా సుఖముండదు. సాధారణంగా మునిగి లేచిన కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. దాదాపు ఎప్పుడూ 24 గంటలలోపే బయటపడుతుంది. తోడుగా తగని నీరసం, తిమ్మిరి, చర్మం మీద దురదా నీలిమచ్చలూ, తల తిరగడం, కాళ్ళు తేలిపోవడం, మూత్రం రాకపోవడం వీటిలో ఏది వున్నా సందేహించవలసిన పనే లేదు.

అయితే ఈ తేడాలు చదివి మీరే తీర్పు చెప్పుకోకండి. వైద్యుడినై వుండీ నేను తప్పాను. మునిగిన 24 గంటలలోపు వచ్చిన నొప్పిని, కాదని వైద్యుడు తేల్చేదాకా, బుడగ నొప్పిగానే ఎంచాలి.

అనుమానం వస్తే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ముఖానికి తొడుగు బిగించి నూటికి నూరుపాళ్ళ ఆక్సిజన్ ఇవ్వాలి. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. స్పృహ వుంటే మంచినీళ్ళు ఇవ్వవచ్చు. సారా, బీరు పనికిరావు. మర్దన, వేడి కాపడం వద్దు. "మళ్ళీ మునిగితే సర్దుకుంటుంది" అనే సలహా ప్రాణాంతకం. అమెరికాలో 911కి, మనదేశంలో 108కి ఫోను చేసి, "సిలిండరుతో మునిగాడు" అన్న మాట మొట్టమొదట చెప్పండి. లోతు, సమయం చీటీ మీద రాసి, డైవ్ కంప్యూటరుతో సహా పంపండి. సరైన చికిత్స పీడన గదిలో ఆక్సిజన్ ఇవ్వడమే. ఆ గది ఎక్కడ వుందో మునగబోయే ముందే తెలుసుకుని వుండాలి.

విమానం, ఘాట్‌రోడ్డు

ఎత్తుకు పోతే బయటి పీడనం తగ్గుతుంది. అంటే గోలీ ఇంకొంచెం నొక్కినట్టే. ఒక్కసారి, ఆపకుండా పైకి రాదగిన మునక మునిగితే కనీసం 12 గంటలు, రోజుకు ఎక్కువసార్లో వరుసగా కొన్ని రోజులో మునిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. పైకి వస్తూ తప్పనిసరిగా ఆగవలసినంత లోతు మునకలకు అంతకంటే ఎక్కువ. 24 గంటలు అని లెక్క పెట్టుకుంటే అందరికీ క్షేమం. ఇది 600 మీటర్లు దాటిన కొండలకూ వర్తిస్తుంది. ఉదయం రుషికొండలో మునిగి, సాయంత్రానికి అరకు ఘాట్ ఎక్కాలనుకునేవారు ప్రయాణం తిరగేసుకోండి. అరకు ముందు, సముద్రం తరువాత.

మూర్ఛలు వున్నవారు, గుండెజబ్బు, ఉబ్బసం వున్నవారు వైద్యుడు పరీక్షించి సరేననేదాకా దిగకూడదు. గర్భవతులు అసలే దిగకూడదు. కర్ణభేరికి చిల్లు వున్నవారు కూడా.

ఆ తల్లికి

అమ్మా! నొప్పి తగ్గిందన్నారు, సంతోషం. అది తెడ్డు నొప్పే కావచ్చు. కాని బుడగ నొప్పి కూడా కొన్నిసార్లు దానంతట అదే తగ్గుతుంది. తగ్గినంతమాత్రాన కాదని చెప్పలేము. మళ్ళీ నీళ్ళలో దిగేలోపు మీ అబ్బాయిని, డైవర్లను చూసే వైద్యుడొకరికి చూపించుకోమనండి. ఆ రోజు ఎంత లోతు, ఎన్నిసార్లు, సిలిండరు ఎప్పుడు లాగాడు, నొప్పి ఎన్ని గంటలకు మొదలయింది అన్నీ చెప్పమనండి. బయలుదేరే విమానానికి ముందు రోజు సముద్రం జోలికి పోవద్దనండి.

సముద్రానికి వెళ్ళవద్దని మాత్రం గట్టిగా పట్టుబట్టకండి. పట్టుబడితే వెళ్ళడం మానడు, మీకు చెప్పడం మానేస్తాడు. ఈసారి భుజం నొప్పి అన్న మాట మీ చెవిన పడింది కాబట్టే ఈ ఉత్తరం వచ్చింది. ఆ మాట చెప్పే చనువు అతనికి మీ దగ్గర ఎప్పటికీ వుండనివ్వండి.